మదురలో గాలి లేదు

అరవ లెక్కలో ఆని నెల, అంటే జూన్ చివర, రెండో బుధవారం, పొద్దున ఆరు కావడానికి ఇంకా పది నిమిషాలు ఉందనగా ఇది మొదలైంది. అంత ఖచ్చితంగా ఎలా చెబుతావని మా తమ్ముడి మనవరాలు నవ్వింది. చెప్పడానికి కష్టమేముంది? మిల్లు రెండో కూత అయిదూ ముప్పావుకు. ఆ కూత ఆగి, మా నాయన సైకిలు వీధి మలుపు తిరిగి అయిదు నిమిషాలైంది. ఇక బుధవారం ఎందుకంటే, మంగళవారం మా అవ్వ కళంలో చెయ్యి పెట్టదు కనుక ముందురోజు తూర్పారబట్టవలసిన జొన్న అలాగే ఆగిపోయి, ఆ పొద్దున మేమిద్దరం కళంలో నిలబడి ఉన్నాం. మిల్లులో మూడో షిఫ్టు పెట్టిన సంవత్సరం అది. నాకింకా పదమూడు నిండలేదు.

ఇది రాస్తుంటే నా ముందు బల్ల మీద ఒక ఉన్ని బంతి ఉంది. నిమ్మకాయకు పెద్ద, బత్తాయికి చిన్న. ఒకప్పుడు పసుపుపచ్చన, ఇప్పుడు పాత గోడ రంగు. ఇన్నేళ్లూ బీరువాలో చీరల అడుగున పడి ఉన్నందువల్ల ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు నాఫ్తలీను ఉండల వాసన వస్తుంది. కాస్త ఓపిక పడితే దాని కిందనుంచి తడిసిన ఉన్ని వాసన, ఇంకా కిందనుంచి మా పాత వంటింటి పొగ వాసన వస్తాయి. మూడోది నిజంగా బంతిలో ఉందో, నేనే తెచ్చి కలుపుకుంటున్నానో చెప్పలేను.

కోయంబత్తూరు పక్కన మా పీలమేడు అప్పటికి సగం పల్లె, సగం మిల్లు. ఎన్ని తరాల కిందట ఈ నల్లరేగడి నేలకు వచ్చామో మాలో ఎవరికీ తెలియదు. బడిలో అరవం, ఇంట్లో తెలుగు, ఆ తెలుగులో మళ్లీ సగం అరవం. ఒకవైపు పత్తి చేలు, జొన్న చేలు, ఇంకోవైపు ఎర్ర ఇటుకల పొగగొట్టం, దాని నీడ సాయంత్రానికి మా కళం దాకా సాగి వచ్చేది. షిఫ్టు దిగి వచ్చే వాళ్ల తలల మీద, కనుబొమల మీద పత్తి నూగు అంటుకుని ఉండేది. మా నాయన స్పిన్నింగులో మేస్త్రి. ఆయన ఇంటికి రాగానే అమ్మ ముందు నీళ్లు ఇవ్వకుండా తువ్వాలు ఇచ్చేది. పొద్దున సజ్జలు ఉడికించిన కంబు సద్దిలో మజ్జిగ పోసి చిన్న ఉల్లిపాయలు నంజుకునే వాసన, మధ్యాహ్నం కందిపప్పూ బియ్యమూ కలిపి వండిన అన్నం మీద నెయ్యి కరిగే వాసన, సాయంత్రం మిల్లు గోడ అవతలనుంచి వచ్చే వేడి నూనె వాసన, ఈ మూడింటితో మాకు గడియారం అక్కరలేకుండా పొద్దు గడిచేది. శ్రీరామనవమికి పానకం, ఆడి పద్దెనిమిదికి చింతపులుసు అన్నం, నిమ్మ అన్నం మూటలు కట్టుకుని ఏటికి పోవడం, దీపావళికి బెల్లం పాకంతో నూనెలో వేయించే కచ్చాయాలు. వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది మాత్రం పండగ కాదు, గాలి, మా ఇళ్ల మాటలో కాత్తు.

జూన్ నడుమ, వైకాసి నెల ముగిసే వేళకు పాలఘాట్ కనుమలోనుంచి గాలి బయలుదేరి, పడమట కొండలు దాటి, సన్నని తుంపర మోసుకుంటూ మా ఊరి మీదుగా నాలుగు నెలలు ఆగకుండా తూర్పుకు పోయేది. ఆడి నెల గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని అరవంలో సామెత. మా అవ్వ ఆ గాలికోసం ఏడాదంతా ఎదురుచూసేది. చేటను తలపైకి ఎత్తి, గాలికి అడ్డంగా నిలబడి, గింజలను సన్నని ధారగా వదిలేది. గింజ ఆమె కాళ్ల దగ్గర కుప్పపడేది, పొట్టు ఎగిరి కళం అంచున మెత్తగా దిగేది. కుప్ప మీద పడిన పుల్లలను చీపురుతో తీయడం నా పని. గాలి బిగిస్తే కుప్ప ఎటు జరుగుతుందో, సడలితే ఎటు వస్తుందో చూస్తూ పెరిగాను.

మా కళానికీ మిల్లు బడి ఆటస్థలానికీ మధ్య ముళ్లకంచె ఒకటే అడ్డం. ఆ బుధవారం ఆ కంచె మీదుగా ఒక పసుపు బంతి ఎగిరి వచ్చి జొన్నకుప్పలో పడింది. కంచె అవతల, తెల్లచీర కొంగు నడుముకు దోపుకుని, చేతిలో బ్యాటుతో ఒకామె. వారం కిందట బడిలో చేరిన ఆటల టీచరు, రూతమ్మ.

"ఏ పిల్లా, ఆ పందు ఇట్ల వెయ్యి!"

వేశాను. నేరుగా ఆమె చేతిలో పడింది. ఆమె బంతి వంక, నా వంక చూసి, దాన్ని మళ్లీ నా వైపే విసిరింది.

"ఇంకొకసారి వెయ్యి."

మళ్లీ చేతిలోనే పడింది.

"కాత్తుకు ఎదురుగా మూరెడు జరిపి వేస్తుండావే, ఎవురు నేర్పించినారు?"

"ఎవురూ లేదు టీచర్. పొట్టు అట్లనే కద పోయేది."

"ఏమ్మే అమ్మిణీ!" అని వెనకనుంచి అవ్వ అరిచింది. "గింజలు తొక్కుతుండావు! టీచరుకు పని లేదంటే నీకూ లేదా?"

రూతమ్మ టీచరు గట్టిగా నవ్వింది. ఆ సాయంత్రమే మా ఇంటి తిన్నె దగ్గరకు వచ్చింది.

ఆమెది మదుర. సన్నగా, పొడుగ్గా, ఎండకు కమిలిన మెడతో ఉండేది. మా తెలుగే మాట్లాడేది, ఇంకాస్త సాగదీసి. అవ్వ ఆమెను తిన్నె మీద కూర్చోబెట్టి మొదట అడగవలసిన ప్రశ్న మొదటే అడిగింది.

"తెలుగు మాట్లాడ్తుండారే, మీరు ఎవురింటోళ్లు?"

"మదురలో మిల్లు లైనోళ్లం అవ్వా. మా నాయన కూలి. చర్చి తెలుగోళ్లం."

"ఓ" అంది అవ్వ. ఆ ఒక్క అక్షరంతో ఆమెకు కాఫీ దేనిలో ఇవ్వాలో తేలిపోయింది. ఇత్తడి లోటాలు లోపలే ఉండిపోయి, తిన్నె గూట్లో బయటివాళ్లకోసం పెట్టిన గాజు గ్లాసు దిగింది. రూతమ్మ టీచరు దాన్ని చూసింది, కాఫీ తాగింది, తనే తొట్టి దగ్గర కడిగి గూట్లో బోర్లించి వచ్చింది. తరువాత ఆరేళ్లూ అదే గ్లాసు, అలాగే కడగడం. అవ్వ మారలేదు, ఆమె రావడమూ మానలేదు.

ఆ ఆట పేరు బాల్ బ్యాడ్మింటన్. మిల్లుల ఊళ్లలో అప్పుడు ప్రతి మగవాడూ ఆడేవాడు. నెట్టుకు ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. ఉన్ని బంతిని నేల తాకనీయకుండా కొట్టాలి. ఇరవై తొమ్మిది పాయింట్లకు ఒక ఆట, మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్లది మ్యాచ్. ఆడపిల్లల జట్టు మా చుట్టుపక్కల లేదు. రూతమ్మ టీచరు నలుగురిని పట్టింది, అయిదోదాన్ని నేను.

అవ్వకు అది నచ్చలేదు. పదమూడేళ్ల పిల్ల, పావడా ఎగరేసుకుంటూ, షిఫ్టు మారే వేళ, మగవాళ్లు పోయే దారి పక్కన గెంతడమేమిటని ఆమె బాధ. నాయనకు ఇష్టమే, కానీ తన తల్లి ఎదుట ఆయన గొంతు లేవదు. పైగా తుంపరకు తడిసిన బంతులు బరువెక్కుతాయి కనుక వాటిని ఆరబెట్టే పని నాది. మా వంటింటి పొయ్యి పైన, ఎండుమిరపకాయల బుట్ట పక్కన చెక్క మీద వరసగా పెట్టేదాన్ని. "ఇదేమి, కోడి అటకెక్కి గుడ్లు పెట్టిందా?" అని అవ్వ రోజూ ఒకసారి అడిగేది.

మదురలో మిల్లు బడుల పోటీ ఉందని, ఆ పై నెల ఆవణి చివర జరుగుతుందని ఆడి నెలాఖరుకు తెలిసింది. పంపమని అడగడానికి టీచరు వచ్చింది. అవ్వ వక్క కొరికి, నమలడం మొదలుపెట్టింది.

"సరి, పోనీ. గెలిచి వొస్తే ఆడుకోనీ. ఓడి వొస్తే బ్యాటు అటక మీదకి. అప్పురం నువ్వూ అడగాకూడదు, అదీ ఏడ్చాకూడదు."

"సరి అవ్వా" అంది టీచరు.

నేను తలుపు వెనక నిలబడి విన్నాను. అవ్వ మాట ఇచ్చిందంటే దాన్ని ఎవరూ కదపలేరు, అవ్వ కూడా.

ఆనినుంచి ఆవణి దాకా మూడు నెలలూ ఆ గాలిలోనే ఆడాం. పొద్దున రెండో కూతకు మొదలుపెట్టి, బడి గంట దాకా. మా మైదానం ఉత్తర దక్షిణాలుగా ఉండేది, గాలి పడమటి నుంచి అడ్డంగా కొట్టేది. గీత లోపల పడాలంటే గీత బయటికి కొట్టాలి. అందరికంటే అది నాకే బాగా వచ్చింది. మిగతా నలుగురూ నన్ను చూసి నేర్చుకున్నారు. కోయంబత్తూరు చుట్టుపక్కల మాతో ఆడడానికి వచ్చిన రెండు బడుల జట్లు ఆ గాలిలో బంతిని వెతుక్కోలేక తిరిగిపోయాయి.

మదురకు రైల్లో పోయాం. దిండిగల్ స్టేషన్‌లో తాళంకప్పలు అమ్మేవాడు గుత్తి మొత్తం గలగలలాడించుకుంటూ కిటికీ కిటికీకీ వచ్చాడు, ఆ ఊరి తోళ్ల షెడ్ల వాసన బండి కదిలాక కూడా చాలాదూరం మా వెంట వచ్చింది. మదురలో బస టీచరు వాళ్ల ఇంట్లోనే. వరసగా ఇరవై గదులున్న మిల్లు లైనులో ఒక గది. వాళ్లమ్మ మా అయిదుగురినీ గుమ్మంలో నిలబెట్టి ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని చూసి, "ఏమే రూతూ, పిల్లోళ్లకి తిండి పెట్టేది లేదా, పరుగెత్తించేది ఒకటేనా?" అని కూతురిని తిట్టింది. రాత్రి ఇడ్లీలు, వెల్లుల్లి కారం. ఆ ఇంట్లో ఉన్న నాలుగు మంచి కంచాలూ మాకే పెట్టింది, అయిదోదానికి అరిటాకు. అరిటాకు నాకు వచ్చింది. గడప ముందు చాప వేసుకుని పడుకున్నాం. ఆకు కదలదు, ఆరవేసిన చీర కదలదు. ఉక్క. "మా ఊర్ల కాత్తు సెలవు పెట్టింది" అని వాళ్లమ్మ విసనకర్రతో మా మీద విసురుతూ అంది. మేం నవ్వాం. ఆ మాటను పట్టుకోవలసినదాన్ని నేను.

మరునాడు పొద్దున ఆట. మైదానానికి నాలుగు వైపులా ఎత్తైన మిల్లు గోడలు. ఎదుటి జట్టు మదుర పిల్లలే. మొదటి బంతి నేను కొట్టాను, మంచి దెబ్బ, నాకు తెలుసు. అది పడమటి గీతకు మూరెడు అవతల పడింది. రెండోది కూడా. మూడోది పక్క పిల్ల కొట్టింది, అదీ అక్కడే. గాలి వచ్చి తోస్తుందని మేం బయటికి కొడుతున్నాం, తోయడానికి గాలి లేదు. తెలిసినా చెయ్యి వినదు. మూడు నెలలు చేతికి నేర్పింది అదే. మదుర పిల్లలకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక బ్యాట్లు కిందికి దించి, మా బంతులు బయటికి పోతుంటే చూస్తూ నిలబడ్డారు. గోడెక్కి కూర్చున్నవాళ్లలో ఒకడు "కోయంబత్తూరోళ్లు గోడకు సున్నం కొట్టేదానికి వొచ్చినారు" అని అరిస్తే గోడ మొత్తం నవ్వింది. ఇరవై తొమ్మిదికి పదకొండు.

విరామంలో టీచరు మమ్మల్ని తిట్టలేదు. మిల్లు గోడ మీద అంటుకున్న పత్తి నూగు ఒక చిటికెడు తీసి, మా మధ్య చెయ్యి చాచి వదిలింది. అది ఎటూ పోకుండా, నిదానంగా, ఆమె కాలి వేలి మీద వచ్చి కూర్చుంది.

"చూసినారా? నిన్నటి కాత్తుకు ఈదినం కొట్టేది వొద్దు."

రెండో ఆటలో కొంత కుదురుకున్నాం. ఇరవై నాలుగు దాకా వచ్చాం. చాలలేదు.

తిరుగు రైల్లో మిగతా నలుగురూ నిద్రపోయారు. నేను బ్యాటును ఒడిలో పెట్టుకుని దాని పిడికి చుట్టిన గుడ్డ విప్పుతూ, చుడుతూ కూర్చున్నాను. అటక మీద పాత ఉయ్యాల పీట, పగిలిన కుండలు, తాత చేతికర్ర ఉన్నాయి. వాటి పక్కన బ్యాటు ఎలా ఉంటుందో కనిపిస్తూనే ఉంది.

స్టేషన్‌నుంచి టీచరు నాతోనే మా ఇంటికి వచ్చింది. అవ్వ తిన్నె మీద కూర్చుని పెసలు చెరుగుతోంది.

"గెలిచినారా?"

"ఓడినాం అవ్వా."

అవ్వ చేట ఆపలేదు. "అయితే బ్యాటు ఈడ పెట్టు అమ్మిణీ."

నేను పెట్టాను. ఏడవకూడదు కనుక ఏడవలేదు.

"తప్పు పిల్లోళ్లది కాదు" అంది టీచరు. "నాది. ఈ కాత్తులో ఒకటే నేర్పించినాను. కాత్తు లేని ఊరు ఉంటుందనేది మదురలో పుట్టిన నేనే మరిసిపోయినాను."

మా తిన్నె మీద ఒక పెద్దమనిషి నోటినుంచి 'తప్పు నాది' అన్న మాట నేను వినడం అదే మొదలు. మా ఇంట్లో తప్పులు ఎప్పుడూ గ్రహాలవి, లేకపోతే కోడళ్లవి. అవ్వ చెయ్యి కూడా ఒక్క క్షణం ఆగింది. టీచరు ఆమె చేట వంకే చూస్తోంది.

"అవ్వా, మీరు తూర్పారబట్టేదానికి కాత్తు లేదనుకోండి. అపుడేం చేస్తారు?"

"ఏం చేస్తాం? ఇదిగో, చేట్లో చెరుగుతాం. కాత్తు వొస్తుందని కూచుంటే ఎలకలు తినిపోవా?"

"కాత్తు లేకుండా పొట్టు ఎట్ల పోతుంది?"

"మణికట్టుతో" అని, ఇదీ తెలియదా అన్నట్టు అవ్వ రెండుసార్లు చేట ఎగరేసి చూపింది. గింజలు లేచి మళ్లీ లేచిన చోటే పడ్డాయి. పొట్టు మాత్రం చేట అంచు దాటి పోయింది. మోచెయ్యి కదలలేదు.

"అది నాకు రాదు" అంది టీచరు. "పిల్లోళ్లకి నేర్పిస్తారా?"

అవ్వ చేటలో మిగిలిన పొట్టు ఊదింది. "బ్యాటు అటక మీదనే ఉంటుంది" అంది.

"ఉండనీ అవ్వా. నేను చేట గురించే కద అడిగేది."

ఆ సంవత్సరం మా పెసలన్నీ అయిదుగురు బడిపిల్లలు చెరిగారు. రోజూ పొద్దున రెండో కూతకు కళంలో వరసగా కూర్చునేవాళ్లం. గోడ నీడన, గాలి తగలని చోట. అవ్వ ఒక పుల్ల పట్టుకుని, మోచెయ్యి లేచినవాళ్లను దానితో తాకుతూ మా వెనక తిరిగేది. "ఇదేమే, చేట ఎత్తేదా, పెళ్లిలో పల్లకీ ఎత్తేదా?" టీచరు కూడా మా వరసలో కూర్చుని చెరిగేది, అవ్వ పుల్ల ఆమె మోచేతికి కూడా తగిలేది. కూలి ఇవ్వకుండా పంట శుభ్రమవుతోందని పక్కింటివాళ్లు అసూయపడ్డారు. పెసలు అయ్యాక ఉలవలు, ఉలవలయ్యాక పక్కింటివాళ్ల పెసలు. ఆదివారాల్లో ఖాళీగా ఉన్న పత్తి గోదాములో, తలుపులు మూసి, గాలి ఊసు లేకుండా టీచరు మాతో ఉత్త చేతులతో బంతి ఆడించేది. ఐప్పసి నెలలో దీపావళి ముందు శుక్రవారం, కచ్చాయాల బెల్లంకోసం అటకెక్కిన అవ్వ, బెల్లంతో పాటు బ్యాటు కూడా కిందికి దించి, కొంగుతో దుమ్ము తుడిచి నా ముందు పెట్టింది.

"గింజలు అయిపోయినాయి. చేతులు ఊరికే పెట్టుకోని ఏం చేస్తావు, ఆడుకో పో."

తరువాతి సంవత్సరం దిండిగల్‌లో గెలిచాం. గెలుపు గురించి చెప్పడానికి ఎక్కువ ఉండదు. వెండి కప్పు తిన్నె మీద పెడితే అవ్వ దానిలో వక్కలు పోసుకుంది. ఆ తరువాత హైస్కూలు, కాలేజీ చదువుతూనే అయిదేళ్లు టీచరు జట్టులో ఉన్నాను. ఏ ఊళ్లో ఆడినా, ఆటకు ముందు టీచరు కొంగుముడి విప్పి, చిటికెడు నూగు తీసి వదిలేది. మేం అయిదుగురం దాని వెంట చూసేవాళ్లం. ఆ తరువాతే బ్యాట్లు పట్టేవాళ్లం.

ఆరో సంవత్సరం వాళ్లమ్మకు పక్షవాతం వచ్చి ఆమె మదురకు తిరిగిపోయింది. పోయేముందు తిన్నె మీద కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఈ బంతి నా చేతిలో పెట్టింది.

నేను లెక్కల టీచరునయ్యాను. ముప్పై నాలుగేళ్లు చెప్పాను. కొత్త తరగతిలో మొదటి రోజు ఎప్పుడూ పాఠం మొదలుపెట్టలేదు. రెండు చిన్న లెక్కలు నోటితో అడిగి, ఎవరు ఎటు చూస్తున్నారో గమనించేదాన్ని. పోయిన ఏడాది పిల్లలకు పనికివచ్చిన పద్ధతి ఈ ఏడాది పిల్లల మీద పెట్టేముందు ఒక చిటికెడు నూగు వదిలి చూడాలి. పిల్లలు తప్పితే, తప్పు నాదేమోనని ముందు చూసుకోవాలి. కాపురంలోనూ, ఆసుపత్రి వరండాల్లోనూ నేను చేసింది ఇంతకంటే ఎక్కువ కాదు. చివరిసారి మదుర వెళ్లినప్పుడు ఈ సంగతి ఆమెతో చెప్పాను. అప్పటికి చూపు మందగించింది. నా మణికట్టు పట్టుకుని తిప్పి చూసి, "ఇంకా మెత్తగానే ఉండాదే" అంది. కాఫీ నేనే కలిపాను. ఇద్దరం వాళ్లింటి స్టీలు గ్లాసుల్లో తాగాం, ఆమె గ్లాసు నేను కడిగాను.

ఇప్పుడు నేనుండేది ఆ కళం ఉన్నచోటే, నాలుగో అంతస్తులో. కింద రోడ్డు మీద బస్సులు, స్కూటర్లు, ఆఫీసు పిల్లల భోజనాల డబ్బాలు. పడమటి గాలి ఇంకా వస్తుంది, కానీ ఎత్తు భవనాల మధ్య చిక్కుకుని ఏ పూట ఎటునుంచి కొడుతుందో తెలియదు. పొద్దున మేడ మీదికి పోయి, దిండులోంచి తీసిన దూది చిటికెడు వదిలి చూస్తాను. ఆడడానికి ఏమీ లేకపోయినా.

పోయినవి: మిల్లు, దాని పొగగొట్టం, మూడు కూతలూ. కళం, ముళ్లకంచె, ఆటస్థలం. అవ్వ, ఆమె చేట. నాయన, అమ్మ. తిన్నె, దాని గూట్లో గాజు గ్లాసు. దానికి మాత్రం విచారం లేదు. అయిదుగురిలో ముగ్గురు. రూతమ్మ టీచరు, పోయిన మాసి నెలలో, ఆదివారం తెల్లవారుజామున. మదురలో ఒక మ్యాచ్, ఇరవై తొమ్మిది పదకొండు, ఇరవై తొమ్మిది ఇరవై నాలుగు.